అక్క ఇంటికి రెండు విడతల పొగ

వీధిపిల్లలు అతన్ని పొగమామ అంటారు. దోమల మందు మిషన్ భుజాన వేసుకుని, సాయంత్రం పూట బుర్రుమంటూ వీధులన్నీ తిరగడం అతని ఉద్యోగం. మనిషి పొట్టి, మిషన్ పొడుగు. వెనకనుంచి చూస్తే మిషనే నడిచి వెళుతున్నట్టుంటుంది.

అందరి ఇళ్లకూ ఒక విడత కొడితే అక్క ఇంటికి రెండు. తప్పుపట్టకండి. నిరుడు దోమకాటు జ్వరంతో మేనకోడలు చచ్చి బతికింది. ఇక ఆ వీధిలో దోమన్నది మిగలకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. లోకంలో పొమ్మనలేక పొగబెడతారు. ఇతను ప్రేమకొద్దీ పెట్టాడు.

బావ పోయాక అక్కకు డాబా మీది బీరపాదులే ఆధారం. కాయలమ్మి ఇల్లు నెట్టుకొస్తోంది. ఈ ఏడు పందిరినిండా పూలే గానీ పిందె నిలవడం లేదు.

"ఏం పురుగు పట్టిందో ఏమోరా," అంది ఒకరోజు.

"నేనున్నాగా!" అన్నాడు తమ్ముడు. ఆ సాయంత్రం మూడు విడతలు కొట్టాడు.

మర్నాడు పొద్దున్నే మందు ఎలా పనిచేసిందో చూద్దామని డాబా ఎక్కాడు. అక్క ఊడుస్తోంది. చేటలో ఉన్నవి దోమలు కావు. రెక్కల పురుగులు, రెండు సీతాకోకచిలుకలు, ఇంకా కాళ్లు కొట్టుకుంటున్న తేనెటీగ.

"బీరపువ్వు విచ్చేది సాయంత్రమేరా. ఇవి వాలితేనే పిందె. నువ్వొచ్చేదీ అప్పుడేగా," అంది అక్క. "మా ఇంటి దగ్గర ఆపెయ్."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయి సరేనన్నాడు.

తర్వాతి వారం అక్క గుమ్మం ముందు మిషన్ ఆపేశాడు. పైన ఆమె మగపువ్వు తుంచి ఆడపువ్వుకు అద్దుతోంది. పురుగులు లేకపోతే ఆ చాకిరీ మనుషులే చెయ్యాలి మరి. మేనకోడలు పరుగున వచ్చి అతని కాళ్లకు చుట్టుకుంది. దాని చెంప మీద దోమ. చప్పున కొట్టాడు. అరచేతికి నెత్తురంటింది.

పిల్ల బిక్కమొహం వేసింది. తలెత్తి చూస్తే పిట్టగోడ దగ్గర అక్క. అంతా చూసింది.

"ఏం చెయ్యమంటావక్కా?" అన్నాడు.

ఆమె చేతిలో పువ్వు చేతిలోనే ఉంది.

"పిల్లను లోపలికి పంపించు," అంది చివరికి. "పంపించి, కొట్టు."

గొట్టం నేలవైపే పట్టాడు. పొగకేం తెలుస్తుంది, పైకే పోయింది.