వాల్వు మూత మీద సుద్దగీత

పోయిన వారం మా అమ్మాయి నా ఫోనుకి వరసగా పదకొండు సైకిళ్ళ ఫొటోలు పంపి, నాన్నా, మౌంటెన్ బైక్ కొనుక్కుందామనుకుంటున్నాను, వీటిలో నాకేది సరిపోతుందో చెప్పమని అడిగింది. ఒక్కో ఫొటో కింద దాన్ని కొన్నవాళ్ళ పొగడ్తలు బారెడున్నాయి. ఈ పొగిడేవాళ్ళెవరు, వీళ్ళకి కంపెనీవాళ్ళేమైనా ముట్టజెప్పారా, అసలు వీళ్ళు సైకిలెక్కిన మొహాలేనా అని నేను ఆరా తీసేసరికి, నిన్నడగడం నాదే బుద్ధితక్కువ, ఉత్త అనుమానం పక్షివి అని ఫోను పెట్టేసింది. నిజమే, మీ దగ్గర దాపరికమెందుకు, కిరాణా కొట్లో తూకం వేస్తుంటే ముల్లు వంక కాకుండా కొట్టతని వేలి వంక చూసే రకాన్ని నేను. కానీ ఈ రకం సైకిల్ విషయంలోనే ఒకప్పుడు నేను పడ్డ అనుమానం మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, చాలా ఏళ్ళు ఖాళీగా తిరిగాక, నాకు టీచరుద్యోగం వచ్చింది. మాది టెక్కలి, గట్టి రోడ్ల మీద పెరిగినవాణ్ణి. బడేమో ఉద్దానంలో, సముద్రం వైపు, తారు రోడ్డు దిగాక జీడితోటల మధ్య ఇసుక దారిలో చాలాసేపు నడిస్తేగాని కనబడదు. తారు రోడ్డు పక్క ఊళ్ళోనే మా అక్కని ఇచ్చారు కాబట్టి వాళ్ళింట్లోనే మకాం పెట్టాను. హెడ్మాస్టరు గారు గంటంటే గంటే. కొత్త ఉద్యోగివి, మూడుసార్లు ఆలస్యమైతే పైకి రాసేస్తానని మొదటిరోజే చెప్పేశారు. మొదటి వారంలోనే నడిచి వెళ్ళి ఒకసారి ఆలస్యమయ్యాను.

మా బావ, అంటే అక్క మొగుడు, తోటల్లో జీడిపిక్కలు కొని సైకిల్ మీద పలాస చేర్చే మనిషి. సైకిల్ కొనిపెడతానని నన్ను పలాస తీసుకెళ్ళాడు. కొట్లో అడుగు పెట్టగానే నా కళ్ళు బోలెడన్ని గేర్లున్న, వెనక స్ప్రింగున్న ఎర్ర సైకిల్ మీద పడ్డాయి. ఆయన దాని వంకైనా చూడకుండా, మూలనున్న లావు టైర్ల నల్ల సైకిల్ని, గేర్లూ స్ప్రింగూ ఏమీ లేనిదాన్ని, బయటికి లాగాడు. నడిమి కడ్డీకి అటో కాలూ ఇటో కాలూ వేసి నన్ను నిలబడమని, కడ్డీకీ నాకూ మధ్య మూడువేళ్ళ సందుందో లేదో చూశాడు.

"గేర్లలోకి ఇసక పోతే సైను కరకరమంతాది బావా. ఆ స్ప్రింగు నీ కాలి బలమంతా తినేత్తాది. ఇసక్కి లావు టైరే ఉండాల, అందులోనూ గాలి సగమే కొట్టాల" అన్నాడు.

మాటలన్నీ సబబుగానే ఉన్నాయి, కానీ ఆ కొట్టతను మా బావని మావా అని పిలిచి టీ తెప్పించడం నా కంటపడింది. అమ్ముడుపోని సరుకు నాకు అంటగట్టి ఈయన కమీషను కొట్టేస్తున్నాడని అప్పటికప్పుడే తేల్చేసుకున్నాను. గాలి సగమే కొట్టమనడం మరీ అనుమానం, ట్యూబులు త్వరగా పాడైతే మళ్ళీ ఈ కొట్టుకే రావాలి కదా! అక్క మొహం చూసి కొన్నానే గాని, రోడ్డు మీది పంక్చరు షాపులో రెండు టైర్లూ రాయిలా అయ్యేదాకా గాలి కొట్టించాను. మర్నాడు ఇసుకలో చక్రాలు కూరుకుపోయి, చెప్పులు చేతపట్టుకుని, సైకిల్ని తోసుకుంటూ బడికి చేరేసరికి గంట కొట్టేశారు. అది రెండోసారి.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర, కొట్టతను నీకెంతిచ్చాడని అక్క ముందే అడిగేశాను. మా బావ తల వంచుకుని అన్నం తినేసి లేచాడు. అక్క రెండ్రోజులు నా కంచం నా ముందు పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. భోజనం ముందు ప్రార్థనలో ఆయన రోజూ నా ఉద్యోగం కోసం కూడా ఒక మాట కలిపేవాడు, ఆ రోజుల్లో అదీ నాకు అనుమానంగానే ఉండేది.

ఆ తర్వాత మొదలైంది అసలు గొడవ. సాయంత్రం నేను నిండా కొట్టించిన గాలి పొద్దున్నకి సగం పోయేది. పంక్చరు షాపు తెరిచేదాకా ఆగితే ఆలస్యమని, తిట్టుకుంటూ అలాగే తొక్కుకుపోయేవాణ్ణి. వేళకే చేరుతున్నానన్న సంగతి నా బుర్రకెక్కలేదు, నా గాలి ఎవరు తీస్తున్నారన్నదే నా బాధ. పక్కింటాయనని అనుమానించాను, షాపతను కావాలనే పాత వాల్వు బిగించాడనుకుని మార్పించాను. చివరికి బళ్ళో సుద్దముక్క తెచ్చి, వాల్వు మూత మీంచి రిమ్ము మీదికి గీత గీశాను. మర్నాడు గీత వంకర తిరిగి ఉంది. ఆ తర్వాత రెండ్రోజులూ గీత గీతలాగే ఉంది, గాలి మాత్రం లేదు. దొంగ నాకన్నా తెలివైనవాడని అర్థమై, తెల్లవారుతుండగా పెరట్లో కొబ్బరిడొక్కల గుట్ట వెనక నక్కి కూర్చున్నాను.

మా బావ వచ్చాడు. సైకిల్ ముందు గొంతుక్కూర్చుని, మూత తిప్పి, గాలి వదులుతూ, బొటనవేలితో టైరు నొక్కి చూసుకుంటూ, చాలనుకున్నాక మూత బిగించి గీతకి గీత కలిపాడు. నేను లేచి నిలబడి, ఏటి బావా ఇది అన్నాను. ఆయన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"సెప్తే ఇనుకుంతావేటి బావా నువ్వు? నాను సెప్పిన మాటలో నీకు కమీషనే కనబడతాది. అందుకే సెప్పడం మానీసాను. నీ ఉజ్జోగం పోకూడదు గదా" అన్నాడు.

కోపంగా అనుంటే ఏదో ఒకటి ఎదురు చెప్పేవాణ్ణి. మామూలుగా అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మర్నాటి నుంచి సైకిల్ని నేనే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టేవాణ్ణి, ఆయన వేలితో నొక్కి ఊఁ అనేవాడు. మూడో ఆలస్యం రాలేదు, ఉద్యోగం నిలబడింది. నాది తప్పని మాత్రం నోరు తెరిచి అనలేకపోయాను. అందామనుకునేసరికి, మా వైపు ఎన్నో ఇళ్ళలో దూరిన కిడ్నీ జబ్బు ఆ ఇంట్లోనూ దూరి మా బావని పట్టుకుంది. ఆసుపత్రిలో డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగాను గాని, మంచం మీదున్న మనిషితో అనాల్సిన ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు బడిదాకా సిమెంటు రోడ్డు పడింది, ఆటోలు తిరుగుతున్నాయి, టైరులో గాలి ఎంతుండాలో ఎవరికీ పట్టదు. నా వెనకాల ఎవరేం చేస్తున్నారోనని తిరిగి చూసే అలవాటు మాత్రం నాకు పోలేదు. నాకు చెప్పకుండా నా మంచి చూసిన ఆ ఒక్క మనిషీ పోయాక, ఎన్నిసార్లు తిరిగి చూసినా నా వెనకాల ఎవరూ ఉండరు.