వద్దన్నది నేనే

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. డాక్టరేటు ఉన్నవాడు ఇంకొకరికి డాక్టరేటు ఇప్పించగలడని నమ్మినవాణ్ణి నేను. పేరు ముందు డాక్టరు చేరాక జ్వరాలవాళ్ళు కూడా మా ఇంటికి వచ్చేవారు. నా వల్ల కాదు, దవాఖానకు పొమ్మనేవాణ్ణి. ఆ ఒక్క మాట యాదగిరికి చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళుగా మోస్తున్న బరువు అదే.

యాదగిరి మోత్కూరు నేతవాళ్ళ బిడ్డ. నల్లగొండ కాలేజీలో నాతోపాటు తెలుగు చెప్పేవాడు. మగ్గం పనివాళ్ళ మాటల మీద పరిశోధన చేస్తానన్నాడు. నమోదు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు రాయి అన్నాను. నా నమోదు మా గురువే చేయించాడు; ఇతనిది రాత అయ్యాక చేయించవచ్చనుకున్నాను. ఊరూరా తిరిగి రాశాడు. హాలియా బడిలో హెడ్మాస్టరు ఉద్యోగం ఇస్తామన్నా దీనికోసమే వదులుకున్నాడు.

రాత పూర్తయ్యాక, ఆ కాగితాల కట్ట పట్టుకుని పట్నంలోని విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. అప్పుడు తెలిసింది. మా కాలేజీకి ఉన్నది పాఠం చెప్పే అధికారమే; డాక్టరేటు ఇచ్చేది వాళ్ళు. మొదట్లోనే అక్కడ నమోదు కావాలి, వాళ్ళు ఒప్పుకున్న గురువే ఉండాలి. నేను వాళ్ళు ఒప్పుకున్న గురువును కాను. నమోదు లేకుండా చేసిన పని చెల్లదు.

తిరుగు బస్సులో నార్కట్‌పల్లి దాకా నిజం చెప్పాలనే అనుకున్నాను. అక్కణ్ణుంచి భయం. కాలేజీ అంతా నవ్వదూ? పేరు ముందున్న ఆ మాటకు విలువేం మిగులుతుంది? కట్ట ఇచ్చి వచ్చానని చెప్పి, ట్రంకుపెట్టెలో దాచాను. కొన్ని నెలలకు తీసి అతని చేతిలో పెట్టాను.

"వద్దన్నరు యాదగిరీ."

"ఏడ తప్పయిందో చెప్పిన్రా డాక్టరుసాబ్?"

"చెప్పలే."

కట్టను చంకలో పెట్టుకున్నాడు.

"మీరు నా కోసం గింత తిరిగితిరి. నాకే రాయరాకపాయె. జర మాఫ్ చెయ్యండి డాక్టరుసాబ్."

మాఫీ అడిగింది అతను. ఇచ్చింది నేను. పర్వాలేదు అన్నాను కూడా.

అప్పుడైనా నమోదు చేయించి, ఆ పనే మళ్ళీ మొదలుపెట్టించలేనా? చేయించవచ్చు. కానీ దానికి నిజం చెప్పాలి. యాదగిరి మళ్ళీ కలం పట్టలేదు. పట్నం పోతున్నానని అతను అన్నప్పుడల్లా, ఎవరినైనా అడిగేస్తాడేమోనని భయపడేవాణ్ణి. ఇది రాస్తుంటే ఇప్పుడూ ఆ భయమే. ఇప్పటికీ నన్ను డాక్టరుసాబ్ అనే పిలుస్తాడు.

యాదగిరి తరఫున పగ తీర్చుకుందామంటే ఎవరి మీద? విశ్వవిద్యాలయం తన నియమాలు దాచలేదు. దాచింది నేను. ఇవాళ ఇది మీకు చెప్పాను, ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి అడిగే హక్కు నాకు లేదు.

మొన్న గేటుకున్న, డాక్టరు అని రాసిన నా పేరుపలక ఊడదీశాను. స్నానాల గది గుమ్మంలో వేసి, రోజూ తడికాళ్ళతో దాని మీదే నిలబడుతున్నాను.