పెద్దవ్వ బియ్యానికి రాసిన పేరు

ముల్లోకాలనేలే రాజన్నకు శరణు. అడగకముందే ఆకలి తెలుసుకునేవాడు, రాజుకూ కూలికీ ఒకటే విభూతి ఇచ్చేవాడు ఆ స్వామి. ఆయన దయ లేకుంటే నా నోట మాట లేదు, నా చేతిలో కలం లేదు. నాలో మంచి ఏదైనా ఉంటే అది ఆయనది. ఇక్కడ చెప్పబోయే ఈర్ష్య మాత్రం పూర్తిగా నాది.

మాది వేములవాడకు దగ్గర్లో సాంచెల మీద బతికే ఊరు. మరమగ్గాలను మేము సాంచెలంటాం. మా బాపు పగలంతా సాంచెల దగ్గర నిలబడి, సాయంత్రం పురాణం చదివి అర్థం చెప్పేవాడు. ఆ చదువు నాకు వచ్చింది. ఇరవై ఏళ్లుగా మా వాడకట్టు ఆడవాళ్ల భజన మండలిని నేనే నడుపుతున్నాను. సోమవారం రాజన్న వారం కాబట్టి ఆ రోజు పొద్దున గుడి మండపంలో కూర్చుంటాం. బీడీలు చేసేవాళ్లు చాటలు పక్కన పెట్టి వస్తారు. నేను పాట ఎత్తుకుంటే నలభై గొంతులు అందుకునేవి. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు నాకే చెప్పేవాళ్లు. వాళ్ల తరఫున నేను స్వామికి విన్నవించేదాన్ని. ఆ పెద్దరికం నాకెంత ఇష్టమో, అది జారిపోయేదాకా తెలియలేదు.

మూడేళ్ల కింద ఉట్నూర్ దిక్కు నుంచి ఒకామె మా గల్లీలో కిరాయికి దిగింది. భర్త లారీ డ్రైవరు. ఆమె బట్టలు కుడుతుంది. మాటలో మరాఠీ కలుస్తుంది. అందరినీ ‘తాయీ’ అని పిలిచేది. తాయి అంటే వాళ్ల దిక్కు అక్క. కొద్ది రోజులకే ఆ పిలుపు తిరిగి ఆమెకే అంటుకుంది. ఆమె ఇంటి అరుగు మీద వాడకట్టు కమిటీ ఒకటి మొదలైంది. రేషన్ ఇచ్చే కంట్రోల్ దుకాణానికి ఎంత సరుకు వచ్చిందో బోర్డు మీద రాయమని అడగడం, బడికి పోయి పిల్లల మధ్యాహ్నపు అన్నం రుచి చూసి రావడం, వార్డు సభలో లేచి మాట్లాడటం, ఇవీ వాళ్ల పనులు. అన్నీ మంచి పనులే. అదే నాకు మంట. చెడ్డ పనులైతే మండపంలో కూర్చుని ఒక మాట అనేదాన్ని.

కలెక్టరాఫీసులో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి కూడా సోమవారమే. కమిటీలో చేరినవాళ్లు కాగితాలు పట్టుకుని బస్సెక్కితే నా మండపంలో నలభై మంది ఇరవై అయ్యారు. ఒక సోమవారం తొమ్మిది మందే. తలకాయలు లెక్కపెడుతూ నేను చరణం మరిచిపోయాను.

మా భజనలో తాళాలు కొట్టే ముసలామెను అందరం పెద్దవ్వ అంటాం. ఒంటరి మనిషి. యాభై ఏళ్లు బీడీలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. కంట్రోల్ దుకాణం మిషన్ మీద బొటనవేలు పెడితే మిషన్ ఒప్పుకోదు. పది వేళ్లూ పెట్టి చూశారు. “ముద్ర పడ్తలేదు, నేనేం జెయ్యాలె” అని డీలర్ సంచి వెనక్కి ఇచ్చేశాడు. ఆ సంగతి ఆమె మండపంలోనే చెప్పింది. అందరి ముందూ నేను మాటిచ్చాను.

“ఫికర్ జెయ్యకు అవ్వా. నేను రాస్త. నా రాత చూసి కాదనేటోడు ఎవడు?”

రెండు పేజీలు రాశాను. “మహారాజశ్రీ తాసీల్దారు గారి దివ్య సముఖమునకు” అని ఎత్తుకుని, “ఈ దీనురాలిని కరుణించి కటాక్షించవలెనని ప్రార్థించుచున్నాము” అని ముగించాను. స్వామికి స్తోత్రం రాసినట్టే రాశాను, నాకు వచ్చింది అదొక్కటే. ఆఫీసులో సారు నిలబడి చదివారు. “ఎంత మంచిగ రాసినవమ్మా” అని బల్ల మీద పెట్టుకున్నారు. ఆ మెప్పును ప్రసాదంలా మోసుకుని ఇంటికి వచ్చాను.

రెండు నెలలు గడిచినా బియ్యం రాలేదు. ఒకరోజు గల్లీలో పోతుంటే పెద్దవ్వ ఆ తాయి అరుగు మీద కూర్చుని కనిపించింది. చుట్టూ చాటలు ఒళ్లో పెట్టుకుని నా భజనవాళ్లే. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

“దరఖాస్తు ఇచ్చినవంట గద తాయీ, రసీదు ఏది?” అని నన్ను అడిగింది ఆ తాయి.

“రసీదెందుకు?”

“నువ్వు ఇచ్చినట్టు, వాళ్లకు అందినట్టు.”

“విన్నపం చేసుకొని రసీదు అడుగుతరా ఎవరన్న? ఇరవై ఏండ్ల సంది రాజన్నకు చెప్పుకుంటున్న, ఒక్కనాడన్న రసీదు అడిగిన్నా?”

బీడీలు చుడుతున్న ఒకామె తల ఎత్తకుండానే అంది: “రాజన్నకు బదిలీ ఉండది గదక్కా. ఆ సారు పోయిన నెలనే బదిలీ అయ్యిండు.”

అందరూ నవ్వారు. పెద్దవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వనిది ఆ తాయి ఒక్కతే. “నేను మరాఠీ బడిల చదివిన. నా తెలుగు అంత తప్పులే. నువ్వు రాసియ్యి తాయీ, సోమవారం పోదాం” అంది.

“సోమవారం నాకు భజన” అని వచ్చేశాను.

ఆమెకు తెలుగు సరిగ్గా రాదన్న మాట నాకు బెల్లం ముక్కలా తోచింది. నేను రాస్తే తప్ప ఆమె పని ముందుకు పోదు. రెండు సోమవారాలు అట్లాగే పోనిచ్చాను. ఆ రెండు సోమవారాలూ పెద్దవ్వకు బియ్యం లేదని నాకు తెలుసు. తెలిసే పాటలు పాడాను. పరుల ఆకలి ముందు పూజ నిలవదని ఎన్నిసార్లు చదివి అర్థం చెప్పానో, ఆ అర్థం నా దాకా రాలేదు.

రెండో సోమవారం భజన అయ్యాక పులిహోర పంచుతున్నాను. పెద్దవ్వ ఒక పిడికెడు తీసుకుని, ఇంకొక పిడికెడు అడిగి, రెండూ కొంగున ముడేసుకుంది.

“తినరాదు అవ్వా” అన్నాను.

“జరసేపైనంక తింట తియ్ బిడ్డా. ఇప్పుడే తింటె మాపటికేముంటది?”

మూడో సోమవారం భజనను ఇంకొకామెకు అప్పజెప్పి నేనూ బస్సెక్కాను. కిటికీ పక్కన పెద్దవ్వ, నడుమ నేను, ఇవతల ఆ తాయి. వేలిముద్ర పడలేదని బియ్యం ఆపొద్దని, ముసలివాళ్లు తమ బదులు ముద్ర వేసి బియ్యం తెచ్చే ఒక మనిషి పేరు రాసివ్వొచ్చని కమిటీవాళ్లు ముందే అడిగి తెలుసుకున్నారు. కలెక్టరాఫీసు మెట్ల మీద కూర్చుని నేను కాగితం తీశాను. ఆ తాయి నా భుజం మీద నుంచి చూస్తోంది.

“ప్రార్థన అని తీసెయ్ తాయీ. కోరుతున్న అని పెట్టు.”

“పెద్ద ఆఫీసరును కోరుడంటె పొగరనుకోరా?”

“పొగరేంది? బియ్యం ఆమెయే గద.”

ప్రార్థన కొట్టేసి కోరుతున్న అని రాశాను. స్వామికి చెందిన మాటను బల్ల వెనుక కూర్చున్న మనిషికి ఇచ్చాను, ఇంతకాలం చదివింది ఎక్కడ పోయిందో. ఆ పాఠం ఒక్కనాడూ భజనలో కూర్చోని మనిషి నోటి నుంచి రావడం ఇంకా గుచ్చుకుంది. రెండు పేజీలు ఎనిమిది వరుసలయ్యాయి. ఆ తాయి టోకెను కోసం లైన్లోకి పోయింది.

చివరి వరుసలో బదులు మనిషి పేరు రాయాలి.

“ఎవరి పేరు రాయాలె అవ్వా?” అన్నాను, నా పేరే చెబుతుందని.

“తాయి పేరు రాయి బిడ్డా.”

“నేను లేనా?”

“నువ్వు పెద్దదానివి. నీకు పని జెప్పాలంటె భయమైతది. ఆమెకైతె చెప్పొచ్చు.”

ఆ మాటలో కోపం లేదు, తప్పు పట్టడం లేదు. నిజం చెప్పింది అంతే. నా కలం ఆగింది. పెద్దవ్వకు అక్షరాలు రావు. అది నాకు గుర్తుకు రావాల్సింది కాదు, వచ్చింది. గుండ్రటి అక్షరాలతో నా పేరు రాశాను. ఆమె చెయ్యి పట్టి వేలికి సిరా పూసి కింద ముద్ర వేయించాను. గీత ఒక్కటి లేని నల్లని మచ్చ పడింది.

ఆ తాయి టోకెనుతో వచ్చి కాగితం చదివింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతుంటే నేను ఆ వేలు వెంటే చూశాను. చివరి వరుస దగ్గర ఆగి నవ్వింది.

“నీ పేరు రాసినవా? మంచిదైంది తాయీ. నీ మాటంటె డీలర్ కూడా భయపడతడు.”

ఇరవై ఏళ్లలో నేనెవరినీ అట్లా మెచ్చుకోలేదు. నా దగ్గర లేనిది ఆమె దగ్గర ఏముందో ఆ నిమిషం కనబడింది. కనబడ్డాక ఈర్ష్య తగ్గలేదు, ఇంకా పెరిగింది.

“తప్పు పడ్డది, ఇటియ్యి” అని కాగితం తీసుకుని చింపేశాను. ఎందుకని ఆమె అడగలేదు. ఇంకొక కాగితం మీద ఎనిమిది వరుసలూ మళ్లీ రాసి, ఈసారి ఆ తాయి పేరు పెట్టాను. ఇంత శ్రద్ధగా ఏ దేవుని పేరూ రాయలేదు. పెద్దవ్వ వేలిముద్ర మళ్లీ వేయించి తీసుకుపోతే లోపల అధికారి చదివి కింద సంతకం చేశారు. బయట గుమాస్తా ఇంకొక కాపీ మీద రసీదు ముద్ర కొట్టి ఇచ్చేదాకా ఆ తాయి కదలలేదు, నేనూ కదలలేదు.

మరుసటి నెల పెద్దవ్వ బియ్యం వచ్చింది. ఇప్పుడు ప్రతి నెలా ఆ తాయే ముద్ర వేసి, సంచి నెత్తిన పెట్టుకుని నా గడప ముందు నుంచే పెద్దవ్వ ఇంటికి పోతుంది. మా వాడకట్టులో వేళ్లు అరిగిన వాళ్లు ఇంకా ఆరుగురున్నారు. వాళ్ల కాగితాలు నేను రాస్తున్నాను. భజన మంగళవారానికి మార్చాము, మంది మళ్లీ వస్తున్నారు. ఆ సంచి గల్లీ మలుపు తిరిగేదాకా మాత్రం నా కళ్లు దాని వెంటే పోతాయి.

చదువుతున్న అమ్మలారా, అయ్యలారా, ఒక్క నిమిషం పుస్తకం పక్కన పెట్టి నాతో చేతులు జోడించండి. స్వామీ, ఆ ఆరుగురి బియ్యం ఆగకుండా చూడు. ఆ ఉట్నూర్ ఆడబిడ్డను చల్లగా చూడు. ఆమె మేలు చూసినప్పుడు నా కళ్లు మండకుండా చూడు. పేదవాళ్లు భయం లేకుండా పని చెప్పుకోగల మనిషిగా నన్ను చెయ్యి.