కళ్లంలో తుత్తురుబెండ ముద్ర

మా బావ జొన్నలు తీయలేదు. ఇరవై ఏళ్లుగా ఈ మాట చెప్తూనే ఉన్నాను, వినే నాథుడు లేడు. "అక్క మొగుడని వెనకేసుకొస్తున్నావులే" అంటారు. తీసినాడని మొదట అరిచింది నేనే గనక విసుక్కునే హక్కు కూడా నాకు లేదు. అయినా విసుగొస్తుంది. మళ్లీ చెప్తాను. చెట్టు దగ్గర మొదలుపెడితే తప్ప అర్థం కాదు.

తుత్తురుబెండ మా చేల గట్ల మీద ఎవరూ వేయకుండానే మొలుస్తుంది. మొదటేడు మెత్తటి ఆకులు నాలుగు వేసి ఊరుకుంటుంది. పువ్వూ ఉండదు, కాయా ఉండదు. ఎండాకాలం మేకలు మోడు చేసిపోతే చచ్చిందనుకుంటాం. రెండో ఏటి వానలకు ఆ మోడే చిగిర్చి, నడుమెత్తు లేచి, పొద్దువాలే వేళ పసుపు పూలు విప్పుతుంది. పువ్వు రాలితే బండిచక్రం లాంటి చిన్న కాయ, చుట్టూ రంపానికున్నట్టు పళ్లు. పిల్లలు దాన్ని తడి మట్టిలో అద్ది ఆడుకుంటారు. విత్తులు రాల్చినాక చెట్టు ఈసారి నిజంగానే చస్తుంది.

మద్రాసు ప్రభుత్వం నాటి సంగతి. కొనకనమిట్ల పక్క చేను నేనూ బావా పొత్తుకు చేస్తున్నాం. నూర్చిన జొన్నలు కళ్లంలో రాశి పోస్తే, పంచుకునేదాకా ఎవరూ చెయ్యి పెట్టకుండా రాశి చుట్టూ తడి మట్టిముద్దలు పెట్టి, వాటి మీద కొయ్యముద్ర వేయడం మా వాడుక. ఆ ఏడు ముద్ర పగిలింది. వడ్రంగి ఇంకొకటి చేసిచ్చేదాకా ఆగొచ్చు కదా! నేను గట్టు మీది తుత్తురుబెండ కాయ కోసి ముద్దల మీద అద్దినాను. నా తెలివికి నేనే మురిసిపోయి, కాయను తలగుడ్డ కొంగున ముడేసుకొని ఇంటికి పోయినాను. బావ కళ్లంలో కాపలా పడుకున్నాడు.

మర్నాడు ఎండెక్కినాక వచ్చి కాయను ముద్ర మీద పెడితే సరిపోలేదు. కాయ పెద్దది, ముద్ర చిన్నది.

"ఏంది బావా ఇది?"

"ఏముంది, నువ్వేసిందే."

"నా కాయ ఇది. ఆ ముద్ర ఇంకో కాయది. రాశి కదిలించి మళ్లీ వేసినావు."

కూలోళ్లందరూ చూస్తున్నారు. బావ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"అట్లనా? నా పాలు జొన్నలు కూడా నువ్వే తోలుకో."

పోయినాడు. మళ్లీ మా కళ్లం తొక్కలేదు. ఆ మాట పొదిలి సంతకు నాకంటే ముందే చేరింది.

కోపంలో నేను విసిరేసిన కాయ కళ్లం పక్కనే పడి మొలిచింది. మొదటేడు ఆకులే. రెండో ఏడు కాసింది. ఒకరోజు ఊరికే కూర్చొని చూస్తున్నాను. పొద్దున ముడుచుకొని ఉన్న కాయ ఎండ ముదిరేసరికి నల్లబడి విచ్చుకుంది, వెడల్పయింది. పండిన కాయ ఎండితే విచ్చుకుంటుందని పుట్టినప్పటినుంచీ తెలుసు. ఆ రోజు కళ్లంలో ఎందుకు గుర్తు రాలేదో, నా తలకాయ!

పరిగెత్తుకొని వాళ్ల ఊరికి పోయినాను. సంగతి చెప్పీ చెప్పగానే అక్క వాకిట్లోనే అందుకుంది.

"రెండేళ్లు పట్టిందారా నీకు? నీదీ ఆ చెట్టు బుద్ధే. మొదటేడు ఏమీ కాయదు!"

బావ మంచం మీంచి లేవలేదు. "నేను తీయలేదని నాకు తెలుసు గదయ్యా. నాకెందుకు చెప్తావు? విన్నోళ్లకు చెప్పుపో. వాళ్లు మాట మార్చుకున్న రోజు నీ కళ్లానికి వస్తా."

చెప్పినాను. కాయలు దొరికినప్పుడల్లా మట్టిముద్దతో సహా సంతకు మోసుకుపోయి, అద్ది, ఎండబెట్టి చూపించినాను. "ఇదిగో, మళ్లీ కాయలు తెచ్చినాడు" అని నవ్వుతారే గాని ఎండేదాకా ఒక్కడూ నిలబడడు. దొంగతనమంటే మాత్రం పొద్దుగూకేదాకా కూర్చొని వింటారు.

ఈ ఏడు గట్టు మీద అన్నీ మొదటేటి మొక్కలే. చూపించడానికి ఒక్క కాయ కూడా లేదు. బావకు మోకాళ్లు పట్టేసినాయి, వచ్చే ఏడు పిలిచినా మా కళ్లందాకా నడవగలడో లేదో. కాయలు వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు, అందుకే రాస్తున్నాను. మా బావ జొన్నలు తీయలేదు. పండిన కాయ విచ్చుకుంది, అంతే.