తేదీ ముందా, నెల ముందా

ఎనభైల నడిమి రోజులవి. నూజివీడులో మామిడి అంట్లు కట్టి రైతులకిచ్చే ఒక కేంద్రంలో నాకు తొలి ఉద్యోగం దొరికింది. అమ్మానాన్నలు వేసవిలో మామిడి కోతలకు, వానల్లో వరినాట్లకు వెళ్ళేవాళ్ళు. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని పనిచేసిన మొదటి మనిషిని నేనే. ఇంటర్ అయ్యాక విజయవాడలో మూడు నెలలు కంప్యూటర్ నేర్చుకున్నాను. ఆ సర్టిఫికెట్ చూసి, ఆర్నెల్ల చొప్పున పొడిగిస్తూ నన్ను పెట్టుకున్నారు.

అంట్లు కట్టడం గురించి కాస్త చెప్పాలి. మంచి కాయ కాసే పెద్ద చెట్టును తల్లిచెట్టు అనేవాళ్ళం. టెంక నుంచి మొలిచిన మొక్కను కుండీతో సహా ఆ చెట్టు కింద మంచె మీద పెడతారు. మొక్క కాండాన్నీ చెట్టు కొమ్మనూ ఒక్కో పక్క చెక్కి, రెండూ ఆనించి బిగించి కడతారు. మూడు నెలలకు రెండూ అతుక్కుంటాయి. అప్పుడు కొమ్మను చెట్టు నుంచి కోస్తే అంటుమొక్క తయారు. తొందరపడి ముందే కోస్తే కొమ్మ ఎండిపోతుంది. పోయిన అంటును మళ్ళీ కట్టాలంటే వచ్చే ఏడు వానల దాకా ఆగాల్సిందే.

ఏ తోటలో ఏ చెట్టుకు ఎన్ని కుండీలు ఏ తేదీన కట్టారో కంప్యూటర్లో ఎక్కించడం నా పని. ఆ వివరాలన్నీ ఒక టేబుల్‌గా ఉండేవి. ప్రతి వారం, తొంభై రోజులు నిండిన అంట్ల జాబితా తీసి మేస్త్రికి ఇవ్వాలి. ఆయన ఆ కాగితం పట్టుకుని ఆరుగురు పనివాళ్ళతో తోటలకు బయలుదేరేవాడు. మేస్త్రిది మా నాన్న పుట్టిన ఊరే. నేను బాబాయ్ అనేదాన్ని.

మా దగ్గరున్న పాత సాఫ్ట్‌వేర్‌తో నాకు ప్రాణం విసిగిపోయేది. తెర మీద ఒకసారికి ఒక్క రికార్డే కనిపించేది. ఒక అంకె తప్పు పడిందంటే, అది ఎన్నో రికార్డో గుర్తు పెట్టుకుని దాన్ని పిలిచి, దిద్ది, మూసేసి, ఇంకోదాన్ని పిలవాలి. కొత్త వెర్షన్‌లో టేబుల్ మొత్తం వరసలు వరసలుగా తెర మీద పరుచుకుంటుందనీ, బాణం మీటలతో ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళి దిద్దుకోవచ్చనీ విన్నాను. అది తెప్పించమని ఆఫీసరు గారిని అడిగి అడిగి ఒప్పించాను.

సెప్టెంబరు ఆఖరున రిజిస్టర్డ్ పోస్టులో పార్సెల్ వచ్చింది. కొన్ని ఫ్లాపీలు, ఇటుకంత లావు పుస్తకం. మొదట్లో కంప్యూటర్ అమర్చి వెళ్ళిన విజయవాడ ఇంజనీరు నెల దాకా తీరిక లేదని కబురు పంపాడు.

ఆఫీసరు గారు నన్ను పిలిచి, "నువ్వు వెయ్యగలవా అమ్మా?" అన్నారు.

"వేస్తానండి" అన్నాను. అనేశాకగానీ నేనేం ఒప్పుకున్నానో నాకు తెలియలేదు.

శనివారం పొద్దున్నే చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్ళాను. ముందు టేబుల్‌ను రెండు వేర్వేరు ఫ్లాపీల మీదికి కాపీ చేసి బీరువాలో పెట్టాను. రెండేళ్ళ నా టైపింగ్ అంతా అందులో ఉంది మరి. తర్వాత పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అది ఏ ఫ్లాపీ పెట్టమంటే ఆ ఫ్లాపీ పెడుతూ పోయాను. డ్రైవు గరగరమంటున్నంత సేపూ కరెంటు పోకూడదని దండం పెట్టుకుంటూనే ఉన్నాను. పోలేదు.

అంతా ఎక్కాక టేబుల్ తెరవబోతే, ఒకేసారి ఇన్ని ఫైళ్ళు తెరవడం కుదరదంటూ తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. నేను తెరవమన్నది ఒక్కటే! పుస్తకంలో వెతగ్గా వెతగ్గా తెలిసిందేమిటంటే, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చదువుకునే ఫైలొకటి ఉంటుంది, ఒకేసారి ఎన్ని ఫైళ్ళకు చోటివ్వాలో అందులో రాయాలి. మా దాంట్లో ఉన్న అంకె కొత్త వెర్షన్‌కు చాలదు. పెంచి, ఆపి, మళ్ళీ వేశాను. ఈసారి తెరుచుకుంది.

నల్లటి తెర మీద పచ్చటి అక్షరాల్లో చెట్ల నెంబర్లు, తోటల పేర్లు, కుండీల లెక్కలు వరసగా నిలబడ్డాయి. మొత్తం రికార్డులెన్నో చూశాను. పాతదాంట్లో ఎన్ని ఉన్నాయో సరిగ్గా అన్నే ఉన్నాయి. పరుగున వెళ్ళి ఆఫీసరు గారిని పిలుచుకొచ్చాను.

"అచ్చం రిజిస్టరు తెరిచినట్టే ఉందే!" అన్నారాయన నడుం మీద చేతులు పెట్టుకుని.

అంట్లు కట్టిన తేదీల గడి టేబుల్ చివర్న ఉంటుంది. తెర కుడి అంచు దాటి పోవడంతో ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

ఆ ఊపులోనే సోమవారం జాబితా కూడా తీసేశాను. సోమవారం నుంచి తొంభై రోజులు వెనక్కి వెళ్తే జులై ఎనిమిది. ఆ రోజూ అంతకు ముందూ కట్టి, ఇంకా కొయ్యనివన్నీ ఇమ్మని అడగాలి. ఎప్పట్లాగే 08/07 అని కొట్టాను. ప్రింటర్ కీచుమంటూ కాగితం వదిలింది. ప్రతి వారం ఒక పేజీ కూడా నిండేది కాదు, ఈసారి రెండు పేజీలు దాటింది. నాకు అనుమానం రాలేదు సరికదా, పాత సాఫ్ట్‌వేర్ వదిలేసినవన్నీ కొత్తది పట్టుకుందని మురిసిపోయాను. జాబితాలో చెట్టు నెంబరు, కుండీల లెక్క తప్ప తేదీ అచ్చయ్యేది కాదు. సాయంత్రం మేస్త్రి వస్తే ఇచ్చేశాను.

"ఏంటమ్మాయ్, ఇన్ని ఉన్నాయి?" అన్నాడు కాగితం తిరగేస్తూ.

"కొత్త వెర్షన్ బాబాయ్" అన్నాను. ఆ రెండు మాటలూ నేనెంత గర్వంగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

సోమవారం ఏడింటికల్లా మేస్త్రి, పనివాళ్ళు రెడ్డిగూడెం తోటకు వెళ్ళిపోయారు. నేను తొమ్మిదిన్నరకు వచ్చి, తోటల నుంచి వచ్చి మిగిలిపోయిన పాత చీటీలు ఎక్కించడం మొదలుపెట్టాను. మొదటి చీటీయే ఆగస్టు ఇరవై మూడున కట్టినది. 23/08 అని కొట్టగానే కంప్యూటర్ కుయ్యిమంది. ఆ తేదీ చెల్లదంది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అదే మాట. ఫ్లాపీలు పాడయ్యాయేమో అనుకున్నాను. పాత రికార్డుల్లో తేదీ ఎలా ఉందో చూద్దామని బాణం మీట నొక్కుతూ టేబుల్ చివరి దాకా వెళ్ళాను.

07/23. 07/29. 08/05.

ఇరవై మూడో నెల ఎక్కడైనా ఉంటుందా? అన్ని తేదీలూ తిరగబడి ఉన్నాయి. మొదట నా రెండేళ్ళ పనీ పాడైపోయిందని ఏడుపు తన్నుకొచ్చింది. ఒక్క నిమిషం ఆగి మళ్ళీ చూశాను. ఏ తేదీ చెడలేదు. ముందు నెల, తర్వాత రోజు చూపిస్తోంది, అంతే. అమెరికావాళ్ళు తేదీ రాసే పద్ధతి అది. అంటే నేను రోజు ముందు వేసి కొడితే దానికి అది నెలగా అర్థమవుతోంది.

అప్పుడు శనివారం నేను కొట్టిన 08/07 గుర్తొచ్చింది. నేను అడిగింది జులై ఎనిమిది. అది విన్నది ఆగస్టు ఏడు. రెండు నెలలు నిండీ నిండని పసి అంట్లన్నీ ఆ జాబితాలోకి వచ్చేశాయి. ఆ జాబితా ఇప్పుడు కత్తులు పట్టుకున్న ఆరుగురి దగ్గరుంది.

ఆఫీసరు గారు ఆ రోజు మీటింగుకు విజయవాడ వెళ్ళారు. తోటలో ఫోను లేదు. అటెండరుతో విషయం చెబితే, "సార్ సాయంత్రానికి వచ్చేస్తారు కదమ్మా, అప్పుడు చెప్పండి" అన్నాడు. సాయంత్రానికి ఇంకేం మిగులుతుంది? ఎక్కడికెళ్తున్నానో చీటీ రాసి ఆఫీసరు గారి టేబుల్ మీద పెట్టాను. కంప్యూటర్ ఆపేసి, గది తాళం అటెండరు చేతికిచ్చి బస్టాండుకు పరిగెత్తాను.

రెడ్డిగూడెం వైపు వెళ్ళే బస్సు పదింపావుకి కదిలింది. చెయ్యెత్తిన ప్రతి మనిషికీ ఆగింది. ఒకచోట గేదెలు రోడ్డు దాటేదాకా ఆగింది. నేను మనసులో లెక్కలు వేస్తూ కూర్చున్నాను. ఒక మనిషి గంటకు ఎన్ని అంట్లు కోస్తాడు, ఆరుగురు ఎన్ని కోస్తారు, ఏడున్నరకు మొదలుపెట్టి ఉంటే ఇప్పటికెన్ని. ప్రతి స్టేజీకీ ఆ అంకె పెరుగుతోంది. ఆర్నెల్ల పొడిగింపు ఇక ఉండదనుకున్నాను. అంతకంటే, కిందటి వానల్లో, నాట్లు లేనప్పుడు, బురదలో కూర్చుని ఆ కుండీలు నింపినవాళ్ళలో మా అమ్మ కూడా ఉందన్న సంగతి నన్ను ఎక్కువ కుంగదీసింది.

బస్సు దిగి తోటలోకి అడ్డదారిన పడ్డాను. మొదటి వరస చెట్ల దగ్గర ఎవరూ లేరు. మంచెల మీద కొన్ని కుండీల చోటు ఖాళీగా ఉంది. లోపల ఎక్కడో మాటలు వినబడితే అటు నడిచాను. పనివాళ్ళు కుండీల్లో కలుపు తీస్తూ కనిపించారు. మేస్త్రి ఒక చెట్టు కింద నా జాబితా మోకాలి మీద పరుచుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే గబుక్కున లేచాడు.

"బాబాయ్, ఎన్ని కోశారు?" అన్నాను, ఊపిరి అందక.

ఆయన నాకంటే ఎక్కువ కంగారు పడ్డాడు. "కాయితంలో ఉన్నయ్యన్నీ కొయ్యలేదమ్మాయ్. సారు పంపించారా నిన్ను?"

"ఎన్ని కోశారో చెప్పండి ముందు!"

"ముప్పయ్యొకటి. తక్కినయ్యి కొయ్యబుద్ధి కాలేదు. ఒకటి కట్టు విప్పి చూశా. పచ్చిగా ఉంది, ఇంకా పట్టలేదు. మళ్ళీ కట్టేశా. పోయిన నెల ఇట్టాగే కాయితం తప్పంటే, చివరికి నాదే తప్పయింది గదా. మిషన్ చెప్పింది కాదంటే సారు ఏమంటారోనని పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చుని ఆలోచిస్తన్నా."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఏది ముందొచ్చిందో తెలియదు. "తప్పు మీది కాదు బాబాయ్, నాది. కాగితం తప్పు" అన్నాను.

ఆయన మెడలోని తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "హమ్మయ్య" అన్నాడు. "నాకు చూపు తగ్గిందేమో అనుకున్నానే."

పనివాళ్ళలో ఒకావిడ నీళ్ళ చెంబు తెచ్చిచ్చింది. మేస్త్రి తన క్యారేజీ విప్పి, పప్పన్నంలో సగం మూత మీద పెట్టి నా ముందు జరిపాడు. వద్దంటే ఊరుకోలేదు. తింటుంటే తెలిసింది, పొద్దున్నుంచీ నేనేమీ తినలేదని.

మధ్యాహ్నానికి ఆఫీసుకు తిరిగొచ్చి పుస్తకం ముందేసుకున్నాను. ఈసారి ఏ పేజీ వెతకాలో తెలుసు. ఆ సాఫ్ట్‌వేర్‌కు సొంతంగా ఒక చిన్న అమరిక ఫైలు ఉంటుంది. పాత వెర్షన్ వేసినప్పుడు విజయవాడ ఇంజనీరు, తేదీలు మన పద్ధతిలో చూపించమని అందులో ఒక వాక్యం రాసి పెట్టాడు. కొత్తది ఎక్కుతూ ఆ ఫైలు మీద తన ఫైలు పరిచేసింది. ఆ వాక్యం ఉండేదని కూడా నాకు తెలియదు. ఫైలు తెరిచి మూడంటే మూడు మాటలు కొట్టి, దాచి, మళ్ళీ మొదలుపెట్టాను. టేబుల్ చివరికి వెళ్ళాను.

23/07. 29/07. 05/08.

08/07 కొట్టి జాబితా మళ్ళీ తీశాను. ఈసారి ఒక పేజీ కూడా నిండలేదు. రెడ్డిగూడెం తోటవి ముప్పై నాలుగు అంట్లు ఉన్నాయి. మేస్త్రి చేత్తో తడిమి కోసిన ముప్పయ్యొకటీ అందులో ఉన్నవే. తక్కిన మూడింటి సంగతి మర్నాడు అడిగితే, కట్టు వదులైంది, ఇంకో వారం ఆగాలన్నాడు. ఆగాము.

సాయంత్రం ఆఫీసరు గారు నన్ను పిలిచేసరికి నా చీటీ చదివి ఉన్నారు. నిలబడే అంతా చెప్పాను, శనివారం నాటి నా గర్వంతో సహా. ఆయన చివరిదాకా విని ఒక్కటే అడిగారు.

"ఒక్క అంటైనా పోయిందా?"

"లేదండి."

"నువ్వు వెళ్ళకపోయినా ఆ మేస్త్రి కోసేవాడు కాదేమో."

"ఏమోనండి. ఇంకో గంట ఆగితే భయపడి కోసేవాణ్ణేమో అన్నాడు."

ఆయన అటెండరును పిలిచి రెండు టీలు చెప్పారు. అప్పటిదాకా ఆ గదిలో ఎవరూ నన్ను కూర్చోమనలేదు. "కూర్చో అమ్మా" అన్నారు. తర్వాతి వారం నుంచి జాబితాలో కట్టిన తేదీ కూడా అచ్చు వెయ్యమన్నారు, నెల అంకెల్లో కాకుండా అక్షరాల్లో. పక్కన ఒక ఖాళీ గడి వదలమన్నారు, మేస్త్రి చూసి సరేనని గీత పెట్టుకోవడానికి. ఆయన గీత లేనిదే కత్తి పడకూడదని ఆ రోజే రాసి ఇచ్చారు.

ఆ సంవత్సరం నవంబరులో ఆ అంట్లన్నీ రైతుల బళ్ళ మీద వెళ్ళిపోయాయి. ఆ ఉద్యోగంలో ఇంకో నాలుగేళ్ళున్నాను, మరో రెండు కొత్త వెర్షన్లు వేశాను. వేసిన ప్రతిసారీ అన్నిటికంటే ముందు టేబుల్ చివరి గడికి వెళ్ళి, పన్నెండు దాటిన తేదీ ఒకటి వెతికి చూసుకునేదాన్ని. అది సరిగ్గా కనిపించాకే కుర్చీలో వెనక్కి వాలేదాన్ని.