వదిన చూపించిన రెండు రంగులు

మొన్న మిట్టమధ్యాహ్నం మడికొండలోని మా ఇంట్లో, మా అమ్మాయి కెమిస్ట్రీ తప్పిందని ఫోన్‌లో చూసి ఇల్లెగిరిపోయేలా అరిచాను. ‘ఇగ చదువు బందు’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మమ్మల్ని చూసిపోదామని వచ్చిన మా వదిన రంజన్ కుండలోంచి గ్లాసెడు చల్లటి నీళ్ళు ముంచి నా చేతిలో పెట్టి, "ముందుగాల తాగు" అంది. తాగుతుంటే నవ్వొచ్చింది. ఆ వైద్యం మా ఇంట్లో పాతదే.

ఇంటర్‌లో నేనూ అదే సబ్జెక్టు తప్పాను. పాత్రలో ఏ పదార్థం కాస్త ఎక్కువ పోసినా సమతాస్థితి స్థిరాంకం మారిపోతుందని పేజీల కొద్దీ రాసొచ్చాను మరి. పప్పులో నీళ్ళెక్కువైతే రుచి మారదూ, అదే లెక్క అనుకున్నాను. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి ఇంటికొచ్చిన మా బాపు మండిపడ్డాడు. "మళ్ళ పరీక్ష లేదు, గిరీక్ష లేదు. మిషిన్ కుట్టుడు నేర్చుకో" అన్నాడు. గుండీ కుట్టడం కూడా రాని నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. చదువు పోతుందంటే ప్రాణం పోయినట్టే అనిపించింది.

అప్పుడే నెక్కొండ నుంచి కొత్తగా కాపురానికొచ్చిన వదిన, జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. మరునాడు మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి, సంచిలోంచి మూతి అతికిన గాజుగొట్టం తీసింది. లోపల గులాబీరంగు నీళ్ళు. వేడినీళ్ళలో ముంచితే నీలమయ్యాయి, రంజన్ నీళ్ళలో పెడితే మళ్ళీ గులాబీ. బాపు తొంగిచూసి, "గా గిన్నెల ఏం మందు కలుపుతాన్రు?" అని గొణుక్కుంటూ పోయాడు.

"చూసినవా పిల్లా, లోపల ఏం పొయ్యలే, ఏం తియ్యలే. ఎక్కువ పోస్తే చర్య అటో ఇటో జరుగుతది గని స్థిరాంకం మారది. దాన్ని మార్చేది వేడొక్కటే. ఈ గులాబీ నీలమయ్యేది వేడి గుంజుకునే చర్య, అందుకే వేడైతే స్థిరాంకం పెరుగుతది. వేడి ఇడిసే చర్యకైతే తగ్గుతది. ఎంత వేడి మీదనో చెప్పకుంట విలువ చెప్పొద్దు."

"మరి బాపు మాట?" అన్నాను.

"అది గూడ ఎండపూట విలువనే" అని నవ్వింది.

సాయంత్రం బాపు స్నానం చేసి వాకిట్లో మంచం మీద కూర్చున్నాక, వదిన రంజన్ నీళ్ళిచ్చి నెమ్మదిగా అడిగింది. "మామా, ఇంకొక్కపారి రాయనియ్యండి. నేను చెప్త." బాపు గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "నువ్వు చెప్తనంటె నాకేం ఫికర్ బిడ్డా. రాయనీ" అన్నాడు.

రాశాను, గట్టెక్కాను. ఇవాళ ల్యాబ్‌లో ఉద్యోగం చేసుకుంటున్నానంటే వదిన పుణ్యమే. మొన్న కూడా ఎండ తగ్గాక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, మళ్ళీ రాద్దువులే, అత్తమ్మ చెప్తుంది అన్నాను. బాపు పోయి చాలా ఏళ్ళయింది గాని, ఆయన కోపం చల్లబడిన ఆ ఒక్క సాయంత్రం చలవతోనే నేనింకా బతుకుతున్నాను.