నేరుగా వెళ్ళని మిరపకాయలు

2023 వేసవి. మదనపల్లెలో మాది ఎయిర్ కార్గో బుకింగ్ ఆఫీసు. కుప్పం పూలకూ పుంగనూరు కూరగాయలకూ బెంగళూరు నుంచి విదేశాలకు వెళ్ళే విమానాల్లో చోటు ఇప్పించడం నా పని. విమానం కడుపులో మనకోసం ఎవరూ చోటు ఆపిపెట్టరు. అది మోయగల బరువు పేలోడ్; అందులో ప్రయాణికులు, వాళ్ళ పెట్టెలు పోగా మిగిలిందే మన సరుకుకు. ఇంధనం ఎక్కువ పోస్తే అదీ తగ్గుతుంది.

పుంగనూరు రైతు మునెప్ప మొదటిసారి పచ్చిమిరప లండన్‌కు పంపుతున్నాడు. ఈ లోడు తాజాగా చేరితేనే సీజనంతా కొంటానన్నాడు అక్కడి వ్యాపారి. నేను డైరెక్ట్ విమానం బుక్ చేశాను. డైరెక్టే మేలని నా వాదం. నన్ను ఓడించినవాళ్ళు అప్పటిదాకా లేరు.

సరుకు వ్యాను బయలుదేరాక ఎయిర్‌లైన్ నుంచి మెయిల్: ఈక్విప్‌మెంట్ చేంజ్. అంటే విమానాన్ని మార్చేశారు. గిరాకీ ఉన్న ఇంకో రూటుకు పెద్దదాన్ని పంపి, మనకు చిన్నది వేశారు. అంత దూరానికి ఇంధనం నింపుకుంటే మిరపకాయలకు బరువు మిగలదు, రెండు రోజులు ఆగమన్నారు. ఫోన్లో కడిగిపారేశాను. విమానం మాత్రం పెద్దది కాలేదు.

కాగితాల కోసం వచ్చిన మునెప్ప అంతా విన్నాడు.

"అమ్మా, అది నడిమధ్యలో యాడా నిలబడదా?"

"నిలబడదప్పా. అందుకే కదా తీసుకుంది!"

"ఆడే తప్పు జరిగుండాది. మా తోట మిట్టమీద. నీళ్ళ ట్యాంకరు నిండా పట్టుకుంటే ట్రాక్టరు ఎక్కదు. సగం పట్టుకుని రెండు తూర్లు పోతాం. దీనికీ నడిమధ్యలో ఆయిలు పోసుకునే దారి సూడు."

"నాకే విమానాలు నేర్పిస్తాండావా?"

"నేనేం నేర్పిస్తానమ్మా! నా కాయ వాడిపోతాండాది, అంతే."

విసుక్కుంటూనే కంప్యూటర్‌లో వెతికాను. దుబాయ్‌లో దిగి మరో విమానమెక్కే రూటు ఉంది. ఒక్కో ప్రయాణం పొట్టిది కాబట్టి ఇంధనం తక్కువ చాలు, సరుకు ఎక్కువ పడుతుంది. చోటు దొరికింది! వ్యాను ఎయిర్‌పోర్టు చేరేలోపు ఎయిర్‌వే బిల్లు, అంటే సరుకు వెంట వెళ్ళే ప్రయాణపత్రం, మార్పించాను.

డైరెక్ట్ కన్నా కొన్ని గంటలు ఆలస్యంగా చేరినా, కాయ తొడిమ కూడా వాడలేదు. వ్యాపారి ఫోటో పంపి, వచ్చేవారం లోడెప్పుడని అడిగాడు.

"ఈ తూరి యాడ నిలబెడతావమ్మా?" అన్నాడు మునెప్ప, ఆఫీసులో ఆ ఫోటో చూసి నవ్వుతూ.

వచ్చేవారం లోడూ దుబాయ్ మీదుగానే బుక్ చేశాను. పదహారేళ్ళుగా నేను మ్యాపు మీద తిన్నని గీత చూశాను. బరువు మోసినవాడు బరువు చూశాడు. ఇప్పుడు కస్టమర్ నోరు తెరిస్తే ముందు వింటాను. వాదించడం ఆ తరువాతే.